మైనర్ లీగుల్లో పైకి వెళ్లకపోతే కోచ్ అయిపోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ అబ్బాయి డాలస్ దగ్గర హైస్కూల్ చివరి ఏడాదిలో ఉన్నాడు, బేస్‌బాల్‌లో షార్ట్‌స్టాప్ ఆడతాడు, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర ఫీల్డింగ్ చేసేవాడు), కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్ కాలేజీ ఒకదాని నుంచి ఆఫర్ ఉంది. అయినా డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ క్లబ్బులు రౌండ్ల వారీగా కుర్రాళ్లను ఎంచుకునేచోట, ఏ పదిహేనో రౌండ్‌లోనో పేరు వస్తే చాలు సంతకం పెట్టేస్తానంటున్నాడు. "పైకి వెళ్లలేకపోతే కోచ్ అవుతా నాన్నా" అంటున్నాడు. అది నిజంగా బతుకుతెరువు అవుతుందా, కుర్రతనపు మాటేనా అని మీ అనుమానం.

ముందు జవాబు చెప్పేస్తాను. అవుతుంది. మైనర్ లీగ్ ఇన్‌ఫీల్డర్‌కు కోచింగ్ నిజమైన కెరీరే. కాకపోతే ఆట అయిపోయాక చూసుకుందాంలే అనుకునేవాడికి అది దొరకడం కష్టం. ఆడుతున్న రోజుల్లోనే వాడు కోచ్‌గా తయారవుతూ ఉండాలి. ఇక హైస్కూల్ నుంచి నేరుగా, అదీ పదిహేనో రౌండ్‌లో అంటే, నా సలహా కాలేజీకి పంపమనే. కోచ్ అవుతానంటున్నాడు గనక మరీ ముఖ్యంగా పంపమంటాను. ఎందుకో కింద రాస్తున్నాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను టెక్సాస్‌లో చాలా ఏళ్లుగా ఇన్‌ఫీల్డర్లకు కోచింగ్ ఇస్తున్నాను. మొదట ట్రావెల్ బాల్ పిల్లలతో మొదలుపెట్టి, తర్వాత ఒక జూనియర్ కాలేజీలో అసిస్టెంట్‌గా చేరాను. నాకు పని నేర్పిన హెడ్ కోచ్ మైనర్ లీగుల్లో సెకండ్ బేస్ ఆడినవాడు. మా దగ్గర ఆడిన పిల్లల్లో ప్రొఫెషనల్‌గా సంతకం పెట్టినవాళ్లున్నారు, క్లబ్బు రిలీజ్ చేస్తే, అంటే వదిలేస్తే, తిరిగొచ్చినవాళ్లున్నారు, వాళ్లలో కొందరు కోచింగ్‌లోకి వెళ్లారు. వాళ్ల వల్ల నాకు తెలిసిందే చెబుతున్నాను.

ముందు మైనర్ లీగులంటే ఏమిటో ఇంట్లో మిగతావాళ్ల కోసం చెప్తాను, ఎందుకంటే మన ఇళ్లల్లో తాతయ్య, అమ్మమ్మలకు కూడా ఇది అర్థమైతేనే నిర్ణయం ప్రశాంతంగా జరుగుతుంది. మేజర్ లీగులో 30 జట్లు. ఒక్కోదాని కింద నాలుగు మెట్లు, కింది నుంచి పైకి: సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. మొత్తం 120 జట్లు. వాటికి కింద అరిజోనాలో, ఫ్లోరిడాలో క్లబ్బుల శిక్షణ కేంద్రాల్లోనే ఆడే కాంప్లెక్స్ లీగులు, ఇంకా డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక వేసవి లీగు. హైస్కూల్ నుంచి వెళ్లే పిల్లవాడు మామూలుగా కాంప్లెక్స్‌లో మొదలుపెడతాడు. అక్కడ ప్రేక్షకులు దాదాపు ఉండరు, ఎండ మాత్రం దండిగా ఉంటుంది. మీకు దగ్గర్లోనే ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ ఆడతారు కదా, అది మేజర్ లీగ్ జట్టు టెక్సాస్ రేంజర్స్ వాళ్ల డబుల్-ఎ జట్టు. మీ అబ్బాయిని తీసుకెళ్లి ఒక మంగళవారం రాత్రి ఆట చూపించండి. బ్యాటింగ్ సంగతి వదిలేసి, ఆటకు ముందు ఇన్‌ఫీల్డ్ ప్రాక్టీసు చూడమనండి. ఆ వేగం, ఆ కాళ్లు చూస్తే తను ఎక్కడున్నాడో వాడికే తెలుస్తుంది.

జీతాల మాట. ఇదివరకు చాలా ఘోరంగా ఉండేవి. ట్రిపుల్-ఎలో కూడా ఏడాదికి 17,500 డాలర్లు, కాంప్లెక్స్‌లో 4,800. ఆటగాళ్లు వేసిన కేసును 2022లో మేజర్ లీగ్ బేస్‌బాల్ 185 మిలియన్ డాలర్లకు రాజీ చేసుకుంది. 2023లో మైనర్ లీగర్లకు మొదటిసారి యూనియన్ ఒప్పందం వచ్చింది. దాని ప్రకారం ఆ ఏడాది కాంప్లెక్స్‌లో 19,800, సింగిల్-ఎలో 26,200, హై-ఎలో 27,300, డబుల్-ఎలో 30,250, ట్రిపుల్-ఎలో 35,800. ఉండటానికి ఇల్లు కూడా క్లబ్బే చూస్తుంది. ముందుకన్నా ఎంతో నయం, కానీ డాలస్ పక్కన ప్లేనోలో ఇల్లు కొనే జీతం కాదు. మేజర్ లీగులో కనీస జీతం అదే 2023లో 720,000. ఎక్కువమందికి పైకి వెళ్తే అంత, లేకపోతే ఇంత.

సైనింగ్ బోనస్ కూడా ఆలోచించండి. 11 నుంచి 20వ రౌండ్ వరకు ఒక ఆటగాడికి 150,000 డాలర్ల దాకా ఇస్తే అది క్లబ్బు బోనస్ కోటాలో లెక్కకు రాదు. కాబట్టి ఆ రౌండ్లలో చాలామందికి ఆ సంఖ్య, లేదా అంతకన్నా తక్కువ చెబుతారు. వినడానికి బాగుంటుంది. పన్ను పోగా మిగిలినదాన్ని నాలుగైదేళ్ల మీద పరిచి చూడండి, కాలేజీ స్కాలర్‌షిప్ విలువ దాని పక్కన పెట్టి చూడండి. పైగా పద్దెనిమిదేళ్లకే సంతకం పెట్టినవాడు ఏడు సీజన్లు ఆ క్లబ్బు చేతిలో ఉంటాడు, పందొమ్మిది నిండాక పెట్టినవాడికి అది ఆరు.

ఇప్పుడు అసలు విషయం, కోచింగ్. ఇన్‌ఫీల్డర్లలోంచే ఇంతమంది కోచ్‌లు, మేనేజర్లు ఎందుకు వస్తారు? బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే హెడ్ కోచే. షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్ ఆడేవాడికి ప్రతి పిచ్‌కీ పని ఉంటుంది. క్యాచర్ ఇచ్చే సంజ్ఞ కనిపిస్తుంది, ఏ బంతి రాబోతోందో తెలుసు కాబట్టి అడుగు అటో ఇటో సర్దుకుంటాడు. రన్నర్ దొంగతనంగా రెండో బేస్‌కు పరిగెడితే ఎవరు కవర్ చేయాలో ముందే మాట్లాడుకుంటాడు. ఔట్‌ఫీల్డ్ నుంచి త్రో వస్తే ఎక్కడ నిలబడి అందుకోవాలో, ఎటు విసరాలో చూస్తాడు. అంటే ఆట మొత్తం అతని కళ్ల ముందే నడుస్తుంది. ఇంకో కారణం ఉంది, ఇది బయట అంతగా చెప్పరు. షార్ట్‌స్టాప్‌గా సంతకం పెట్టినవాళ్లలో ఎక్కువమంది షార్ట్‌స్టాప్‌గా మిగలరు. ఇంకో మంచి కుర్రాడు రాగానే ఇతన్ని సెకండ్ బేస్‌కు పంపుతారు, తర్వాత థర్డ్ బేస్‌కు, ఆ తర్వాత ఏది ఖాళీ అయితే అక్కడికి. అలా యుటిలిటీ ప్లేయర్ అయినవాడు నాలుగు చోట్లా ఆట నేర్చుకోక తప్పదు. సహజమైన ప్రతిభ తక్కువైన కొద్దీ పద్ధతి మీద ఆధారపడతాడు. పద్ధతి తెలిసినవాడే ఇంకొకరికి చెప్పగలడు.

చరిత్రలో ఉదాహరణలు చూడండి. జో మెకార్తీ మైనర్ లీగుల్లో ఎక్కువగా సెకండ్ బేస్ ఆడాడు, మేజర్ లీగులో ఒక్క ఆటా ఆడలేదు, న్యూయార్క్ యాంకీస్ మేనేజర్‌గా ఏడు వరల్డ్ సిరీస్‌లు (మేజర్ లీగ్ టైటిళ్లు) గెలిచాడు. అర్ల్ వీవర్ కూడా మేజర్స్ చూడని సెకండ్ బేస్‌మనే. 1956లో నాక్స్‌విల్‌లో ఆడుతూనే జట్టు నడిపాడు, 1968లో బాల్టిమోర్ ఓరియోల్స్ మేనేజర్ అయ్యాడు, 1970లో వరల్డ్ సిరీస్ గెలిచాడు. ఏ బ్యాటర్ ఏ పిచర్ మీద ఎలా ఆడాడో కార్డుల మీద రాసి పెట్టుకునేవాడు, కంప్యూటర్లు లేని రోజుల్లో. స్పార్కీ ఆండర్సన్‌కు మేజర్స్‌లో ఉన్నది ఒక్క ఏడాది, 1959, ఫిలడెల్ఫియాలో, బ్యాటింగ్ సగటు .218 మాత్రమే. తర్వాత టొరంటోలో ట్రిపుల్-ఎ ఆడుతూ అక్కడే 1964లో మేనేజర్ అయ్యాడు. సిన్సినాటికి రెండు, డెట్రాయిట్‌కు ఒకటి వరల్డ్ సిరీస్‌లు తెచ్చాడు.

పాత కాలం వాళ్లు కదా అంటారేమో. ఇప్పటివాళ్లనే చూద్దాం. వెనిజులా నుంచి వచ్చిన కార్లోస్ మెండోజా జయంట్స్, యాంకీస్ మైనర్ లీగ్ జట్లలో పుష్కర కాలం ఇన్‌ఫీల్డర్‌గా ఆడి, మేజర్స్‌కు వెళ్లకుండానే యాంకీస్ దగ్గరే కోచ్‌గా మారాడు. కింది జట్లలో చేశాడు, ఊరూరా తిరిగే ఇన్‌ఫీల్డ్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాడు, పెద్ద జట్టుకు ఇన్‌ఫీల్డ్ కోచ్ అయ్యాడు, బెంచ్ కోచ్, అంటే మేనేజర్‌కు కుడిభుజం, అయ్యాడు. 2024లో మెట్స్ మేనేజర్‌గా మొదటి సీజన్‌లోనే జట్టును నేషనల్ లీగ్ ఫైనల్ సిరీస్ దాకా తీసుకెళ్లాడు. ఒలివర్ మార్మోల్‌ను సెయింట్ లూయిస్ కార్డినల్స్ 2007లో ఆరో రౌండ్‌లో తీసుకున్నారు. 2010 వరకే ఆడాడు, డబుల్-ఎ కూడా చేరలేదు. మరుసటి ఏడాదే కోచింగ్ మొదలుపెట్టాడు, 2022 సీజన్‌కు కార్డినల్స్ మేనేజర్. అప్పటికి వయసు 35. ఆట తొందరగా ఆగిపోవడం అతని విషయంలో ఒక రకంగా కలిసొచ్చింది, ఇరవై నాలుగేళ్లకే కోచింగ్ అనుభవం మొదలైంది.

ఇవి చదివి మీ అబ్బాయి ఎగిరి గంతేస్తాడని తెలుసు. అందుకే మైక్ కూల్‌బా సంగతి కూడా చెప్పాలి.

కూల్‌బా మన టెక్సాస్ కుర్రాడు, శాన్ ఆంటోనియో హైస్కూల్. 1990 డ్రాఫ్ట్‌లో టొరంటో బ్లూ జేస్ వాళ్లు 16వ రౌండ్‌లో తీసుకున్నారు. మీ అబ్బాయి ఊహించుకుంటున్న పరిస్థితే అది. ఎక్కువగా థర్డ్ బేస్ ఆడేవాడు. మైనర్ లీగుల్లో పదిహేడు సీజన్లు ఆడి, రెండు వందలకు పైగా హోమ్ రన్‌లు కొట్టాడు. మేజర్స్‌లో మొదటి ఆట 29 ఏళ్లకు, 2001లో మిల్వాకీ తరఫున. తర్వాతి ఏడాది సెయింట్ లూయిస్‌తో కొద్ది రోజులు. అన్నీ కలిపి 44 ఆటలు. పనికిరాని ఆటగాడు కాదండీ ఆయన, చాలా మంచి ఆటగాడు. పైన ఖాళీ లేకపోతే, దొరికిన కొద్ది అవకాశంలో బ్యాట్ పలకకపోతే, అంతే జరుగుతుంది. ఆట మానేశాక 2007 జూలై మొదట్లో తల్సా డ్రిల్లర్స్ అనే కొలరాడో రాకీస్ వాళ్ల డబుల్-ఎ జట్టులో సీజన్ మధ్యలో బ్యాటింగ్ కోచ్ పని దొరికింది. మూడు వారాలు కూడా నిండకముందే, జూలై 22న, అర్కాన్సాలోని నార్త్ లిటిల్ రాక్‌లో ఫస్ట్ బేస్ దగ్గర కోచ్ స్థానంలో నిలబడి ఉండగా ఒక ఫౌల్ బంతి మెడకు తగిలి చనిపోయాడు. వయసు 35. ఇంట్లో ఇద్దరు చిన్న కొడుకులు, భార్య గర్భవతి. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కు వెళ్లిన కొలరాడో రాకీస్ ఆటగాళ్లు తమ ప్లేఆఫ్ డబ్బులో ఒక పూర్తి వాటా ఆ కుటుంబానికి ఇచ్చారు. 2008 నుంచి బేస్ కోచ్‌లు హెల్మెట్ పెట్టుకోవాలన్న నియమం ఆయన వల్లే వచ్చింది. టీవీలో మేజర్ లీగ్ ఆట చూస్తున్నప్పుడు కోచ్ నెత్తిన హెల్మెట్ కనిపిస్తే మీ అబ్బాయికి ఆ పేరు చెప్పండి.

ఆ ప్రమాదం అరుదైనది, భయపెట్టడానికి చెప్పడం లేదు. గమనించాల్సింది ఇంకొకటి. పదిహేడేళ్లు ఆడినవాడు కూడా కోచింగ్‌లో మళ్లీ కింది నుంచి, చిన్న జీతంతో, సీజన్ మధ్యలో ఖాళీ అయిన చోట మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆడిన ఏళ్లకు కోచింగ్‌లో సీనియారిటీ రాదు. ఆటగాళ్లకు యూనియన్ ఉంది, మైనర్ లీగ్ కోచ్‌లకు లేదు. కాంట్రాక్టులు చాలావరకు ఏడాదికోసారే. సీజన్ అయిపోగానే ఫోన్ వస్తుందా రాదా అని టెన్షన్. ఆటగాళ్ల అభివృద్ధి చూసే ఫార్మ్ డైరెక్టర్ మారితే, బాగా పనిచేసినవాళ్లకు కూడా పని పోతుంది. పైగా మెట్లు తగ్గాయి. 2021లో అనుబంధ జట్లను 160 నుంచి 120కి తగ్గించారు. మార్మోల్ మేనేజర్‌గా పని నేర్చుకున్న జాన్సన్ సిటీ, స్టేట్ కాలేజ్ లాంటి షార్ట్ సీజన్ జట్లు ఇప్పుడు ఆ వ్యవస్థలోనే లేవు.

రోజు ఎలా గడుస్తుందో కూడా తెలుసుకోండి. ఆట రాత్రి ఏడింటికైతే కోచ్ మధ్యాహ్నానికే మైదానంలో ఉంటాడు. వీడియో చూడాలి, ఇబ్బంది పడుతున్న ఇద్దరు ముగ్గురిని ముందే పిలిచి పని చేయించాలి, తర్వాత బ్యాటింగ్ ప్రాక్టీసుకు బంతులు విసరాలి, మధ్యలో ఇన్‌ఫీల్డర్లకు ఫంగో బ్యాట్‌తో గ్రౌండ్ బాల్స్ కొట్టాలి. ఫంగో అంటే సన్నగా, పొడవుగా, తేలిగ్గా ఉండే బ్యాట్, క్రికెట్‌లో కోచ్ స్లిప్ క్యాచ్‌లు కొట్టిస్తాడే, ఇదీ అలాంటి పనికే. చూడటానికి సులువు. కావాల్సిన చోట, కావాల్సిన వేగంతో, సరిగ్గా గ్లవ్ ముందు ఒక్కసారి లేచేలా వందల బంతులు కొట్టడం మాత్రం ఒక విద్య. ఆట అయ్యాక ప్రతి ఆటగాడి మీద రిపోర్టు రాసి క్లబ్బుకు పంపాలి. సిరీస్ మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు ఆటలు, సోమవారం సెలవు, ఆ సెలవులో సగం బస్సులోనే పోతుంది. డబుల్-ఎలో సీజన్‌కు 138 ఆటలు, ట్రిపుల్-ఎలో 150. ఇంట్లోవాళ్లు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఫోన్‌లోనే కనిపిస్తారు. పెళ్లయ్యాక ఇది ఇంకా కష్టం. నాకు తెలిసిన మంచి కోచ్‌లు ఈ ఒక్క కారణంతోనే ప్రొఫెషనల్ ఆట వదిలి హైస్కూళ్లకు వచ్చేశారు.

మరి ఎవరికి ఆ పని దొరుకుతుంది? మా దగ్గర ఆడిన ఇద్దరి సంగతి చెప్తాను, పేర్లు వద్దు.

మొదటి కుర్రాడు సెకండ్ బేస్. డ్రాఫ్ట్‌లో పేరు రాలేదు, చిన్న మొత్తానికి ఫ్రీ ఏజెంట్‌గా సంతకం పెట్టాడు. చేతిలో బలం తక్కువ, బ్యాట్ మామూలు. కానీ వాడి దగ్గర ఎప్పుడూ ఒక నోట్‌బుక్ ఉండేది. ఏ మైదానంలో మట్టి గట్టిగా ఉంది, ఏ బ్యాటర్ బంతి ఎటు కొడుతున్నాడు, తను ఏ బంతి ఎందుకు వదిలాడు, అన్నీ రాసేవాడు. కాంప్లెక్స్‌లో ఉన్నప్పుడు డొమినికన్ పిల్లలతో గదిలో ఉండి స్పానిష్ నేర్చుకున్నాడు. ప్రాక్టీసు అయ్యాక వాళ్లలో ఒకడికి డబుల్ ప్లే తిప్పేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో రోజూ చూపించేవాడు, ఎవరూ అడగకుండానే. ఇవన్నీ కోచ్‌లు చూస్తూనే ఉంటారు. హై-ఎలో రిలీజ్ చేసిన రోజే, అదే గదిలో, "మా దగ్గర కోచింగ్ చేస్తావా" అని అడిగారు. ఇప్పుడు చిన్న పిల్లలకు ఇన్‌ఫీల్డ్ నేర్పే పనిలో ఉన్నాడు, సంతోషంగా ఉన్నాడు.

రెండోవాడు షార్ట్‌స్టాప్. నేను దగ్గరగా చూసిన పిల్లల్లో చేతులు ఇంత మెత్తగా ఉన్నవాణ్ని ఇంకొకణ్ని చూడలేదు. మోకాలి గాయంతో ఆట ఆగింది. కోచింగ్ చేస్తానని వస్తే మా పిల్లలతో కొన్ని రోజులు పెట్టి చూశాం. ఒక పిల్లవాడు మధ్య ఎత్తులో లేచే బంతి పట్టలేకపోతుంటే, "ఇలా పట్టు" అని తను పట్టి చూపించేవాడు. ఎలా పట్టాడో తనకు తెలీదు, ఎప్పుడూ ఆలోచించాల్సిన అవసరం రాలేదు. ఆ పిల్లవాడు బంతి లేవకముందే ఒక అడుగు ముందుకు వేయాలి, లేదా వెనక్కి తగ్గి పైకి లేచాక అందుకోవాలి; మధ్యలో ఆగిపోతున్నాడు, అదీ సమస్య. అది చూడటం నేర్చుకుంటే వచ్చేది, అతనికి దానిమీద ఆసక్తి కలగలేదు. ఇప్పుడు వేరే ఉద్యోగంలో బాగానే స్థిరపడ్డాడు.

మీ అబ్బాయి ఈ ఇద్దరిలో ఎటువైపో మీరే చూడొచ్చు. జూనియర్ పిల్లలతో ఓపిగ్గా మాట్లాడతాడా? తను ఆడని రోజు బెంచ్ మీద ఆట చూస్తాడా, ఫోన్ చూస్తాడా? ఒక బంతి పోతే ఎందుకు పోయిందో చెప్పగలడా? నేను కొత్త అసిస్టెంట్‌ను చూసేటప్పుడు కూడా ఇవే గమనిస్తాను.

ఇంకో మాట. ఇదివరకు ప్రొఫెషనల్‌గా ఆడినవాడికే కోచ్ పని అనే లెక్క ఉండేది. ఇప్పుడు అలా లేదు. రేచల్ బాల్కోవెక్ శారీరక శిక్షణ వైపు నుంచి వచ్చి 2022లో యాంకీస్ వారి సింగిల్-ఎ జట్టు టాంపా టార్పన్స్‌కు మేనేజర్ అయ్యారు, మేజర్ లీగ్ అనుబంధ జట్టుకు మొదటి మహిళా మేనేజర్. శరీర శాస్త్రం చదివినవాళ్లు, డేటా తెలిసినవాళ్లు, కాలేజీ కోచ్‌లు అందరూ ఇదే పనికి పోటీ. బ్యాట్ వేగం, బంతి వేగం, ఫీల్డర్ మొదటి అడుగు ఎంత తొందరగా పడింది, అన్నీ కొలుస్తున్నారు. 2023లో మేజర్స్‌లో షిఫ్ట్ మీద, అంటే ఇన్‌ఫీల్డర్లను ఒక వైపుకే జరిపి నిలబెట్టడం మీద, ఆంక్షలు వచ్చాక సెకండ్ బేస్‌కు రెండు వైపులా ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు ఉండాలి, ఎవరూ ఇన్‌ఫీల్డ్ దాటి వెనక్కి వెళ్లి నిలబడకూడదు. దాంతో సెకండ్ బేస్‌మన్ ఎంత దూరం పరిగెత్తి అందుకోగలడన్నది మళ్లీ ముఖ్యమైంది. ఇవన్నీ అంకెల్లో చదివి, ఆ అంకెను పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి మామూలు మాటల్లో చెప్పగలిగినవాడే ఇప్పుడు కావాలి. అందుకే కాలేజీ అంటున్నాను. బయోమెకానిక్స్ కానీ, డేటా వైపు కానీ ఒక డిగ్రీ చేతిలో ఉంటే ఆటగాడి అనుభవానికి అది తోడవుతుంది. స్పానిష్ క్లాసులు కూడా తీసుకోమనండి, ఇది నిజంగా పనికొస్తుంది.

టోనీ లా రుస్సా ఇదే చేశాడు. ఆయనా ఇన్‌ఫీల్డరే, కుర్రతనంలోనే సంతకం పెట్టాడు, మేజర్స్‌లో 132 ఆటలు, సగటు .199, మిగతా కాలమంతా మైనర్ లీగుల్లోనే. ఆట ఆడుతూ చదువు సాగించి, 1978లో ఫ్లోరిడా స్టేట్‌లో లా డిగ్రీ పూర్తి చేశాడు, అదే ఏడాది నాక్స్‌విల్‌లో డబుల్-ఎ జట్టు మేనేజర్. 1979లో వైట్ సాక్స్ మేనేజర్. మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు. చదువు అడ్డం రాలేదు.

డిగ్రీకి ఇంకా మామూలు కారణం ఒకటుంది. ప్రొఫెషనల్ క్లబ్బులో పని దొరకకపోతే మిగిలేవి కాలేజీలు, హైస్కూళ్లు. టెక్సాస్ ప్రభుత్వ హైస్కూళ్లలో కోచ్‌గా ఉండాలంటే మామూలుగా ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పూర్తికాలపు ఉద్యోగి అయ్యుండాలి, అంటే ఎక్కువమంది టీచర్లు. టీచర్ కావాలంటే డిగ్రీ ఉండాలి. కాలేజీల్లోనూ డిగ్రీ లేనివాడి దరఖాస్తు ముందుకు కదలదు. డివిజన్ వన్‌లో ఇదివరకు ఒక కోచ్ జీతం లేకుండా వాలంటీర్‌గా ఉండేవాడు, 2023 జూలై నుంచి ఆ పద్ధతి పోయి ఆ పనికీ జీతం ఇవ్వొచ్చన్నారు. అంటే ఈ వైపు తలుపులు కాస్త పెద్దవయ్యాయి. క్లబ్బులో ఏడాదికోసారి ఫోన్ కోసం ఎదురుచూసే జీవితం కన్నా హైస్కూల్ కోచ్ జీవితం చాలామందికి సుఖం. దాన్ని తక్కువగా చూడొద్దు, మీ అబ్బాయికి ఆట నేర్పింది కూడా అలాంటివాళ్లే కదా.

కాలేజీకి వెళ్తే డ్రాఫ్ట్ పోతుందన్న భయం వద్దు. నాలుగేళ్ల కాలేజీలో మూడో ఏడాది తర్వాత, లేదా 21 నిండితే, మళ్లీ అర్హత వస్తుంది. జూనియర్ కాలేజీలో అయితే ఏటా ఉంటుంది. అప్పుడు పదిహేనో రౌండ్‌లో వచ్చినా చేతిలో మూడేళ్ల చదువు ఉంటుంది.

మీరు రాయలేదు గానీ మన తెలుగు కుటుంబాలు చాలామందికి తగిలే సంగతి ఒకటి ఉంది, వీసా. మీ అబ్బాయి ఇక్కడ పుట్టినవాడో, గ్రీన్ కార్డు ఉన్నవాడో అయితే ఈ పేరా వదిలేయండి. హెచ్-4 (తల్లి లేదా తండ్రి హెచ్-1బి మీద ఆధారపడే వీసా) మీద ఉంటే మాత్రం జీతం తీసుకుని ఆడటానికి వీల్లేదు. అమెరికాలో హైస్కూల్ చదివినవాణ్ని పౌరసత్వంతో పని లేకుండా డ్రాఫ్ట్ చేయొచ్చు, కానీ ఆడాలంటే క్లబ్బు అతనికి పి-1 అనే క్రీడాకారుల వీసా తెప్పించాలి. 2006లో వచ్చిన చట్టం వల్ల మైనర్ లీగర్లకు కూడా అది వర్తిస్తుంది. అసలు చిక్కు ఆట ఆగిపోయాక వస్తుంది. ఆ వీసా ఆటగాడిగా ఇచ్చింది, రిలీజ్ కాగానే దాని ఆధారం పోతుంది, కోచ్‌గా ఉండాలంటే వేరే దారి వెతకాలి. హెచ్-4 కూడా 21తో ముగుస్తుంది. నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం ఈ లెక్కతోనే అబ్బాయిని కాలేజీకి పంపింది. సంతకానికి ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ఇంత చెప్పినా మీ అబ్బాయి సంతకమే పెడతానంటే, అదీ తప్పేం కాదు, వాడి జీవితం. అప్పుడు ఒక్కటి మాత్రం వదలకండి: కాంట్రాక్టులో కాలేజీ ఖర్చుల క్లాజు. ఆట ఆగాక చదువుకు క్లబ్బు ఎంత ఇస్తుందో సంతకం సమయంలోనే రాయించుకోవాలి, తర్వాత అడిగితే ఇవ్వరు. ఎన్ని సెమిస్టర్లు, సెమిస్టర్‌కు ఎంత, ఆట మానేశాక ఎన్నాళ్లలోపు చేరాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. స్కౌట్ బోనస్ గురించే మాట్లాడతాడు, మీరు దీని గురించి అడగండి.

డ్రాఫ్ట్ జూలైలో కాబట్టి ఇంకా టైం ఉంది. స్కౌట్ ఎవరైనా ఇంటికి వచ్చి నిర్దిష్టంగా ఒక సంఖ్య చెబితే, ఆ సంఖ్య, కాలేజీ ఆఫర్‌లో ఎంత శాతం స్కాలర్‌షిప్ ఉందో ఇక్కడే రాయండి, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.